చప్పుడు లేని చదువు

మా ఇంట్లో చదువంటే చప్పుడు. పుస్తకం ఒళ్లో ఉంటే చాలదు, కళ్లు వరుసల మీద నడిస్తే చాలదు, గొంతు వాకిట్లోకి వినిపించాలి. నాయినకు చదువు రాదు. చదువు రాని మనిషి తన బిడ్డ చదువుతోందా, గోడ చూస్తూ కూర్చుందా అని ఎట్లా తెలుసుకోవాలి? చెవితోనే కదా. బొల్లారంలో పని దిగి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కుని, వాకిట్లో నులక మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేవాడు. నేను లోపల గడప పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. కాసేపు ఊరుకుని, కళ్లు తెరవకుండానే అనేవాడు.

"సప్పుడొస్తలేదు."

అంతే. అందులో తిట్టు లేదు, కోపం లేదు. కిష్టారెడ్డిపేటలో మా వాడంతా ఇదే పద్ధతి. పొద్దుగూకే వేళకు ఒక ఇంట్లో ఎక్కాలు, ఇంకో ఇంట్లో పద్యాలు, మరో ఇంట్లో ఇంగ్లిషు స్పెల్లింగులు, అన్నీ కలిసి ఒకటే రొద. పెద్దవాళ్లలో చాలామంది వేలిముద్ర వాళ్లే. ఎవరి పిల్లల గొంతు వాళ్లు ఆ రొదలోంచి ఏరుకుని వినేవాళ్లు. వినబడితే నిశ్చింతగా బీడీ వెలిగించుకునేవాళ్లు.

నా తీరు వేరు. గట్టిగా చదివితే నాకు ఒక్క ముక్క తలకెక్కేది కాదు. నా గొంతే నాకు అడ్డం వచ్చేది. మనసులో చదువుకోవాలి, చదివింది చాక్‌పీసుతోనో బొగ్గుతోనో బండ మీద గీసుకోవాలి. ఆకు అయితే ఆకు, గుండెకాయ అయితే గుండెకాయ. గీస్తే ఇక మరిచిపోయేదాన్ని కాదు. ఆ సంగతి నాయినకు ఎన్నోసార్లు చెప్పాను. ఆయన నమ్మలేదు. "నోట్లెకెల్లి రానిది తలకాయలకు యెట్ల వోతదే" అనేవాడు. ఆయనకు అది అబద్ధం చెప్పి తప్పించుకునే పిల్ల మాటలాగే వినబడేది.

నేను ఒక ఉపాయం కనిపెట్టాను. నోటితో ఎప్పుడో కంఠతా వచ్చిన పాఠం అప్పజెప్పేదాన్ని, చేత్తో లెక్కలు చేసుకునేదాన్ని. నోరు నాయినకు, కళ్లు నాకు. చాలా రోజులు బాగానే నడిచింది. ఒకరోజు మంచం మీంచి నవ్వు వినిపించింది.

"గీ వాన పాఠం పోయినేడు సదివినవు గదనే. అండ్ల మధ్యల ఎండకు సెర్వు నీళ్లు ఆవిరై పైకి వోయేది ఇడిసిపెట్టినవ్. జల్దీ అయిపోవాల్నని మింగినవా?"

నిజమే, మింగాను. పొయ్యి దగ్గర అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. దొరికిపోయానన్న ఉక్రోషంలో అసలు సంగతి నాకు తట్టనే లేదు. ఏడాది కింద మంచం మీద కళ్లు మూసుకుని విన్న పాఠం ఆ మనిషికి ముక్క పోకుండా గుర్తుంది. ఏ వాక్యం తర్వాత ఏది వస్తుందో కూడా గుర్తుంది. ఆయన నన్ను కాపలా కాస్తున్నాడనుకున్నాను కానీ, ఆయన కూడా చదువుకుంటున్నాడని అనుకోలేదు.

మాకు భూమి లేదు. తాతల కాలం నుంచి ఒకరి చేలల్లో పనికి పోయిన ఇల్లు మాది. ఆ చేలు ఒక్కొక్కటే ప్లాట్ల రాళ్లు పాతుకుంటుంటే నాయిన బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో హెల్పర్‌గా చేరాడు. కాంట్రాక్టరు ద్వారా చేరాడు, అట్లాగే ఉండిపోయాడు. డ్రమ్ములు దొర్లించడం, పొడి సంచుల్లోకి ఎత్తడం, రియాక్టర్ కింద అంతస్తు కడగడం. ఆయన అంగీకి పట్టిన వాసన ఏ సబ్బుకూ లొంగేది కాదు. గాలి అటు నుంచి వీచే రోజున ఊరంతటికీ అదే వాసన కాబట్టి మేము పెద్దగా పట్టించుకునేవాళ్లం కాదు.

ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే. కంపెనీ బస్సులో సీటు. బస్సు పర్మనెంటు వాళ్లకు మాత్రమే. మా స్టేజీ దగ్గర అది ఆగేది, పర్మనెంటు వాళ్లు ఎక్కేవాళ్లు, తలుపు మూసుకునేది. కాంట్రాక్టు వాళ్లు కాస్త అవతల నిలబడి షేర్ ఆటో కోసం చూసేవాళ్లు. ఆటోలో సగం మంది లోపల, సగం మంది బయటికి వేలాడుతూ పోయేవాళ్లు. పోయేది అదే గేటుకు, చేసేది అదే షిఫ్టు. నేను కాలేజీకి పోవడానికి అదే స్టేజీలో నిలబడేదాన్ని గనక చూసేదాన్ని. బస్సు కదిలేటప్పుడు నాయిన కిటికీల వంక చూసేవాడు. ఒకసారి నాతో అన్నాడు, "కిటికి పక్కకు కూసుంటె కండ్లు మూస్కొని పోవచ్చు బిడ్డా. ఆటోల కండ్లు మూస్తె కింద వడ్తరు." ఆయన గౌరవం గురించి ఏమీ అనలేదు. నిద్ర గురించే అన్నాడు. నాకు మాత్రం రెండూ వినబడ్డాయి.

నేను డిగ్రీలో ఉండగా, ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాక సెంటర్లలోనే ఉన్న రోజుల్లో, కంపెనీలో కొత్త మాట వచ్చింది. మందులు కొనే విదేశాల వాళ్లు తనిఖీకి వస్తున్నారట, పని చేసే ప్రతి మనిషీ శిక్షణ పొందినట్టు చూపించాలట. పాఠాలన్నీ కంప్యూటర్‌లో పెట్టారు. హెల్పర్లలో పరీక్ష పాసైన వాళ్లను ఆపరేటర్లుగా తీసుకుని కంపెనీ రోల్‌లోకి, అంటే పర్మనెంటులోకి, ఎక్కిస్తామన్నారు. పాఠాలు బయట నెట్ సెంటర్‌లో కూడా చూసుకోవచ్చని ఒక్కొక్కరికి ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు.

ఆ సాయంత్రం నాయిన మంచం మీద పడుకోలేదు. కూర్చున్నాడు.

"నీకు అక్షరమ్ముక్క రాదు. కంప్యూటర్ల ఏం సూస్తవ్?" అంది అమ్మ.

"నేనెందుకు సూస్త. బిడ్డ సూస్తది. నేనింట."

పటాన్‌చెరు సెంటర్‌కు ఆనుకుని ఉన్న గల్లీలో, మిల్క్ పార్లర్ పైన ఒక నెట్ సెంటర్ ఉండేది. చెక్క పలకలతో చేసిన చిన్న చిన్న గదులు, ఒక్కో గదికి ఒక కుర్చీ. సెంటర్లంటే ఊళ్లో మంచి పేరు లేదు కాబట్టి నడిపే అన్న ముందు జాగ్రత్తగా పరదాలు తీసేసి ఉంచాడు. నేను నా పరీక్షల సమాచారం కోసం అప్పటికే అక్కడికి పోయేదాన్ని. అక్కడ చదువుకునే వాళ్లను చూడడం నాకు సరదా. పాలిటెక్నిక్ చదివే ఒకతను తెరిచిన ప్రతి పేజీ ప్రింట్ తీయించి, ఆ కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. చదివేశాననుకునేవాడో ఏమో. ఒకమ్మాయి తెర మీద ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకునేది, తప్పులతో సహా. ఇంకొకతను ముందు ప్రశ్నలు తెరిచి, తప్పులు కొట్టించుకుని, ఆ తర్వాతే పాఠంలోకి పోయేవాడు. నేనైతే చేతిలో పెన్నుతో అరచేతి మీద బొమ్మలు గీసుకుంటూ, పేజీ తర్వాత పేజీ నొక్కుకుంటూ పోయేదాన్ని. బయటి నుంచి చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉండేది. నిజానికి నా చదువు ఇంకెక్కడా అంత బాగా సాగలేదు. అక్కడ ఎవరూ చప్పుడు అడగరు.

అలాంటి చోటికి నాయిన వచ్చాడు. ఉతికిన అంగీ తొడుక్కుని, చెప్పులు మెట్ల దగ్గరే విడిచి వచ్చాడు. కంపెనీలో ఎవరో చదివి చెప్పిన పేరు, పాస్‌వర్డ్ చిట్టీ అవసరం లేకుండానే ఆయనకు నోటికొచ్చు. ఒక్కొక్క అక్షరమూ ఇంగ్లిషులో గట్టిగా చెప్పడం మొదలుపెట్టేసరికి పక్క గదుల్లోంచి తలలు లేచాయి.

"పాస్‌వర్డ్ ఎవ్వలకు జెప్పొద్దు నాయినా," అన్నాను.

"నీకే గద జెప్తున్న."

సెంటర్ నడిపే అన్న నవ్వి ఒక స్టూలు తెచ్చి నా పక్కన వేశాడు.

పాఠం తెరుచుకుంది. తెలుగులోనే ఉంది గానీ ఎవరి తెలుగో అర్థం కాలేదు. నేను నా అలవాటు ప్రకారం కళ్లతో చదివేసి తర్వాతి పేజీ నొక్కాను. మళ్లీ నొక్కాను.

"ఏమొచ్చింది దాంట్ల?" అన్నాడు.

రెండు ముక్కల్లో చెప్పాను.

"గట్ల గాదు. నువ్వు దిన్నది నాకు జెప్తె నా కడుపు నిండుతదా? మొదటికెల్లి సదువు."

గొంతు తగ్గించి చదివాను. "ద్రావకములను ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మార్చునపుడు పాత్రలను విధిగా భూమికి అనుసంధానించవలెను."

"గిదేం భాషనే?"

"డ్రమ్ములకెల్లి సాల్వెంట్ వంచేటప్పుడు కిలిప్పు పెట్టాలె అని."

"ఆ కిలిప్పా. రోజూ పెడ్త. ఎందుకు పెట్టాలెనో ఉన్నదా దాంట్ల?"

ఉంది. అదే చదివి, ఇంటి భాషలోకి మార్చి చెప్పాను. పోసేటప్పుడు రాపిడికి కరెంటు పుడుతుంది, అది మెరిస్తే ఆవిరి అంటుకుంటుంది, కిలిప్పు ఆ కరెంటును భూమిలోకి దింపేస్తుంది. నాయిన కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచి అన్నాడు, "సలికాలం టెర్లిన్ అంగీ ఇప్పుతుంటె సిటపట అంటది సూడు. గదేనా?"

అదే, అన్నాను.

"ఇన్నేండ్ల సంది పెడ్తున్న. ఎందుకో ఒక్కడు జెప్పలే." ఆయన ముఖంలో ఉన్నది సంతోషమే. నేను ఆయన్ని అంత దగ్గరగా కూర్చుని చూడడం కూడా అదే మొదలు. ఇట్లా అడుగుతూ, చెప్పుకుంటూ ఉండగా తెర మీద తెల్లటి పెట్టె ఒకటి వచ్చి పాఠం మూసుకుపోయింది.

"ఏమైంది?"

"చాన సేపు మనం ఏం నొక్కలే గద. ఈడ ఎవ్వరు లేరనుకొని బందైంది."

నాయిన పెద్దగా నవ్వాడు. "ఎవ్వరు లేకపోవుడేంది? ఇద్దరం కూసొని ఉన్నం గదనే."

ఆ తర్వాత ప్రతిసారీ అదే తంతు. ఆయన విని, అడిగి, మళ్లీ చెప్పించుకుని, తన మాటల్లో నాకు తిరిగి చెప్పేవరకు పేజీ కదిలేది కాదు. ఆ పాఠం తయారుచేసిన వాళ్ల లెక్కలో చదువంటే నొక్కడం. నొక్కకపోతే మనిషి లేడు. నాయిన లెక్కలో చదువంటే చప్పుడు. ఆ ఇద్దరి మధ్య కూర్చుని నేను ఎడమ చేత్తో ఊరికే మౌస్ కదుపుతూ ఉండేదాన్ని, అది మమ్మల్ని వెళ్లగొట్టకుండా. మాటల్లో పడి మరిచిపోయినప్పుడల్లా తెల్ల పెట్టె మళ్లీ వచ్చేది. పక్క గదుల వాళ్లు మొదట్లో సణిగారు. సెంటర్ అన్న మమ్మల్ని మూల గదిలోకి మార్చాడు. కొన్నాళ్లకు ప్రింట్లు తీయించే పాలిటెక్నిక్ అబ్బాయి తన పని అయిపోయినా గోడకు ఆనుకుని మా పాఠం వింటూ నిలబడడం చూశాను.

అవి మంచి రోజులు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మంచితనమే నన్ను ఎక్కువ బాధ పెడుతుంది. తిరుగు ప్రయాణంలో ఆటో దిగి ఊళ్లోకి నడుస్తూ ఆయన పాఠమంతా మళ్లీ ఒకసారి చెప్పేవాడు. ట్యాంకులోకి దిగే ముందు లోపల గాలి ఎందుకు చూడాలి, ఏ మంటకు నీళ్లు పోయకూడదు, ఏ డ్రమ్ము పక్కన ఏ డ్రమ్ము పెట్టకూడదు. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పేవాడు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ అమ్మ "నేనేమన్న డ్రమ్ములల్ల వండుతున్ననా, నాకెందుకు జెప్తవ్" అనేది. అయినా వినేది. పక్కింటామె కూడా బొల్లారంలోనే ప్యాకింగ్‌లో చేసేది, అదే ఆటోలో పోయేది. ఒకనాడు వచ్చి చెప్పింది, "మీ ఆయన ఆటోల బడి పెట్టిండు అక్కా. డ్రైవర్‌కు సుత కిలిప్పు సంగతి కంటస్తమైంది."

నేను మధ్య మధ్య పాఠం చివర ఉండే ప్రశ్నలు అడిగేదాన్ని. ప్రశ్న చదివి, నాలుగు జవాబులు చదివేదాన్ని. నేను పూర్తిచేయకముందే ఆయన చెప్పేసేవాడు. తప్పు పోయేది కాదు. పరీక్ష దగ్గర పడే సరికి నాకు నా డిగ్రీ మీద కన్నా ఆయన పరీక్ష మీదే ఎక్కువ ధీమా ఉండేది. కిటికీ పక్క సీటు ఖాయమనుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. కంపెనీలో ఇట్లాంటి కంప్యూటర్ పరీక్షలు అంతకుముందూ జరిగేవి, చిన్న చిన్నవి. వాటికి ఒక అలవాటు ఏర్పడిపోయింది. హెల్పర్‌ను కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. వెనక నుంచి సూపర్‌వైజర్ చేయి చాపి టకటకా నొక్కేసేవాడు. పాస్ అని రాగానే తర్వాతి మనిషి. ఎవరూ దాన్ని మోసం అనుకోలేదు. చదువు రాని మనిషి తరఫున దరఖాస్తు ఇంకొకరు నింపినట్టే అనుకున్నారు. పర్మనెంటు కోసం పెట్టిన పరీక్ష కూడా అట్లాగే జరుగుతుందని హెల్పర్లందరికీ తెలుసు. నాయినకూ తెలుసు. మరి నన్ను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు ఎందుకు వచ్చాడు? మొదట్లో జాగ్రత్త కోసం వచ్చి ఉంటాడు. తర్వాత ఇష్టం కోసం వచ్చాడు.

పరీక్ష రోజు జరిగింది ఆ సాయంత్రం నాయిన అమ్మకు చెబుతుంటే లోపలి నుంచి విన్నాను. సూపర్‌వైజర్ నాయిన కుర్చీ దగ్గరికి వచ్చి, "కాకా, జెర జరుగు, నేను నొక్కుత" అన్నాడట.

"వద్దు సారు. మీరు ప్రశ్న సదువున్రి, సాలు. జవాబు నేను జెప్త."

"ఇంతమందికి సదువుకుంట కూసుంటె షిఫ్ట్ ఒడుస్తది. జరుగు."

"నాకు ఒచ్చు సారు. మొత్తం ఒచ్చు. ఒక్కసారి సదివి సూడున్రి."

"ఒస్తె నువ్వే చేస్కో," అని సూపర్‌వైజర్ పక్క కుర్చీకి వెళ్లిపోయాడట. అందులో ఆయన తప్పు కూడా పెద్దగా కనిపించదు నాకు. చదివి వినిపించమని అప్పటివరకు ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. పని సులువు చేస్తానంటే వద్దన్న మనిషిని చూసి విసుగొచ్చి ఉంటుంది.

నాయిన ఒక్కడే తెర ముందు కూర్చున్నాడు. మొదటి ప్రశ్న కనబడుతోంది. అది ఏ ప్రశ్నో ఎవరైనా ఒక్క మాట పైకి అంటే జవాబు ఆయన నోటి చివరే ఉంది. నాతో కూర్చుని కూర్చుని కొన్ని మాటల ఆకారం గుర్తుపట్టడం వచ్చింది గనక, ఆ గీతల్లో తెలిసిన బొమ్మ కోసం వెతికాడట. డ్రమ్ము అన్న మాట దొరికిందట. చుట్టూ ఉన్నవి దొరకలేదు. ఏది నొక్కినా తప్పయితే తన చదువంతా అబద్ధమవుతుందని చేయి మౌస్ మీద పెట్టలేదు. అట్లా చూస్తూ కూర్చుంటే తెల్లటి పెట్టె వచ్చింది.

"ఏమని ఒచ్చింది?" అంది అమ్మ.



"సారు జెప్పిండు. మనిషి లేడని బందైందట." మళ్లీ తనే అన్నాడు, "నేను ఆడనే కూసున్న."

నేను బయటికి రాలేకపోయాను. మేమిద్దరం నవ్వుకున్న మాటే అది. ఆ మాట మీద ఇంకెప్పుడూ నవ్వలేకపోయాం.

పక్కకు జరిగిన వాళ్లందరూ పాసయ్యారు. నేను చదివి వినిపించకపోయి ఉంటే నాయిన కూడా జరిగేవాడు. కుర్చీ ఒక జానెడు వెనక్కి లాగితే చాలు, కిటికీ పక్కన కూర్చునేవాడు. ఆయనకు పాఠం రావడమే ఆయనకు అడ్డమైంది. ఎన్ని విధాలుగా ఆలోచించినా నేను ఈ మాట దగ్గరికే వచ్చి ఆగిపోతాను. ఆయన్ని కూర్చోబెట్టి చదివించినందుకు సంతోషపడాలో, ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కువసార్లు ఏడుపే వస్తుంది.

ఊరుకోలేక, నాయినకు చెప్పకుండా, ఒకరోజు కాలేజీ మానేసి కంపెనీ గేటుకు పోయాను. శిక్షణ చూసే ఆఫీసరు మర్యాదస్తుడే. కూర్చోబెట్టాడు, నీళ్లు ఇప్పించాడు. ప్రశ్నలు ఎవరైనా చదివి వినిపిస్తే మా నాయిన అన్నిటికీ చెబుతాడు సార్, అన్నాను. ఆయన తన కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు.

"చూడమ్మా, మీ నాన్నగారి లాగిన్ ఇది. ఒక్కో పేజీ మీద ఎంతసేపు ఉన్నారో చూడు. ఎన్నిసార్లు మధ్యలో దానంతట అది మూసుకుపోయిందో చూడు. పాఠం తెరిచి పెట్టి ఎటో వెళ్లిపోయినట్టుంది. శ్రద్ధ ఉన్నవాళ్లు ఇట్లా చదవరు."

"మేమక్కడే ఉన్నం సార్. నేను చదువుతుంటే ఆయన వింటున్నడు."

"వినడం దీంట్లో రాదు కదమ్మా," అన్నాడు. వెటకారం లేదు. ఆయన ఉన్నదే చెప్పాడు. మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు ప్రయత్నించమన్నాడు. గేటు బయటికి వచ్చాక గానీ నాకు కోపం రాలేదు. వచ్చాక చూపించడానికి మనిషి లేడు. మళ్లీ పరీక్ష పెట్టారు కూడా. నాయిన పేరు ఇవ్వలేదు.

తర్వాత సంగారెడ్డిలో బీఎడ్ చదువుతుండగా ఒక పాఠం వచ్చింది. లెక్చరర్ బోర్డు మీద మూడు గళ్లు గీసి, చూసి నేర్చుకునే వాళ్లు, విని నేర్చుకునే వాళ్లు, చేసి నేర్చుకునే వాళ్లు అని రాసింది. క్లాసులో అందరూ తాము ఏ గడిలో ఉన్నామో నవ్వుతూ చెప్పుకున్నారు. మనుషులు అట్లా గళ్లలో బుద్ధిగా కూర్చుంటారని నేను నమ్మను. మా నాయిన చేతికి తెలిసిన కిలిప్పు చెవి గుండా వచ్చి తలలో కూర్చుంది. ఆయన ఏ గడి? అయినా ఆ రెండో గడి చూస్తూ కూర్చుంటే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక మనిషి ఎట్లా నేర్చుకుంటాడో అడగడానికి ఒక మాట ఉందని, ఎవరో ఎక్కడో దాని గురించి ఆలోచించారని అప్పటిదాకా నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ ఆఫీసరు ముందు ఇంకో రెండు మాటలు గట్టిగా అనగలిగేదాన్ని. బహుశా అప్పుడూ అదే జవాబు వచ్చేది.

నాయిన ఆటోలోనే పోయాడు, పని మానుకునేదాకా. స్టేజీ దగ్గర బస్సు ఆగినప్పుడు అటు చూడడం మానేశాడు. ఆటోలో పాఠాలు కూడా ఆగిపోయాయని పక్కింటామె చెప్పింది. అడిగితే "మర్సిపోయిన" అంటున్నాడట. మరిచిపోయే మనిషి కాదు.

పరీక్ష అయిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం ఆయన ఎప్పటిలాగే మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్నాడు. నేను గడప పక్కన కూర్చుని, ఆయన అడగకుండానే, నా డిగ్రీ పుస్తకం గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. వాకిట్లోకి వినబడేలా, ఒక్క ముక్క మింగకుండా చదివాను. ఒక పేజీ అయ్యాక నాయిన కళ్లు తెరిచి నా వైపు తిరిగాడు.

"మనసుల సదువుకో బిడ్డా. నీకు గట్లనే ఒస్తది గద."

చిన్నప్పటి నుంచి ఆ మాట కోసమే నేను ఆయనతో వాదించాను. పుస్తకం ఒళ్లోకి దించుకుని, నోరు మూసుకుని, కళ్లు వరుస మీద పెట్టాను. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను చప్పుడు లేకుండా చదువుకున్నాను, సప్పుడొస్తలేదని ఎవరూ అనలేదు, అనాలని నేను ఎదురు చూస్తూ కూర్చున్నాను.